ఇరవై తొమ్మిదో పిన్ను

ఎనభై ఆరు వరద తీసిన తర్వాత గోదావరి జిల్లాల్లో ఏ ఇద్దరు కలిసినా ఒకటే మాట. నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎంత ఎత్తున వస్తాయో కొన్ని గంటల ముందు తెలిసుంటే బాగుండేదని. లంకల్లో మా విద్యార్థుల ఇళ్ళు కొన్ని పోయాయి. తడిసిన సర్టిఫికెట్లు పట్టుకుని వాళ్ళు కాలేజీ ఆఫీసు ముందు నిలబడటం నాకు గుర్తుంది.

అప్పటికి నేను ఆ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరి రెండేళ్ళు. రాజమండ్రి నుంచి బస్సులో గంట ప్రయాణం. మద్రాసులో ఎం.టెక్. చేసి వచ్చాను. మా డిపార్టుమెంటులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. తణుకులో మా నాన్నగారికి స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. "మా అమ్మాయి కంప్యూటర్లు చెబుతుందండి" అని బిందె కొనడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పుకునేవారు. డిపార్టుమెంటులో మాత్రం నేను ఏం చెప్పినా పక్కనున్న మగ లెక్చరర్ మరోసారి చెబితేగాని అది మాట అయ్యేది కాదు. అది నాకు లోపల గుచ్చుకుంటూ ఉండేది. ఈ సంగతి ముందే చెబుతున్నది సానుభూతి కోసం కాదు. తర్వాత నేను చేసిన పనికి ఇదే కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను కాబట్టి.

మా హెడ్ గారు రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మంచివారే. అప్లికేషన్లు రాయడంలో ఆయనకి మంచి పేరు. వరద లెక్కలు వేసే యంత్రం తయారుచేస్తామని ఆయన ఢిల్లీకి రాస్తే గ్రాంటు వచ్చింది. యంత్రం ఎలా ఉండాలన్నది నేను రాసిచ్చాను. పెద్ద కంప్యూటరు కొనే స్తోమతు కాలేజీకి లేదు. చిన్న ప్రాసెసర్లు మాత్రం బజార్లో దొరుకుతున్నాయి. ఒక్కదాని మీద గోదావరి లెక్క వేస్తే జవాబు రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో భద్రాచలం నుంచి కొత్త నీటిమట్టం వచ్చేస్తుంది, పాత జవాబు పనికిరాదు. అలా కాకుండా మూడు ప్రాసెసర్లని ఒకే పెట్టెలో పెట్టి, మూడూ ఒకే మెమరీని వాడుకునేలా చేస్తే? నదిని మూడు ముక్కలు చేశాను. భద్రాచలం నుంచి కూనవరం దాకా ఒకటి, అక్కణ్ణుంచి పాపికొండలు దాటి పోలవరం దాకా ఇంకొకటి, పట్టిసీమ నుంచి ధవళేశ్వరం ఆనకట్ట దాకా మూడోది. ఒక్కో ప్రాసెసరు తన ముక్క లెక్క చూసుకుని, అంచున నీళ్ళు ఎంత ఎత్తున్నాయో అందరి మెమరీలో రాస్తుంది. మూడూ రాశాక, ఆ అంకెలు చూసుకుని మూడూ మళ్ళీ తర్వాతి అడుగు వేస్తాయి. కాగితం మీద ఎంతో అందంగా ఉంది.

ఆ ప్రాజెక్టుకి ఒక టెక్నీషియన్ పోస్టు ఇచ్చారు, టెంపరరీ. ఇంటర్వ్యూకి డిప్లొమా చదివిన కుర్రాళ్ళు నలుగురు, పదో తరగతితో ఆపేసిన నలభై అయిదేళ్ళాయన ఒకరు వచ్చారు. ఆయనది ధవళేశ్వరం. రాజమండ్రిలో రేడియోలు బాగుచేసే కొట్టు ఇరవై ఏళ్ళు నడిపి, మూసేసి వచ్చారు. పనిచేయని సర్క్యూట్ బోర్డు ఒకటి అయిదుగురికీ ఇచ్చాను. కుర్రాళ్ళు మీటరు తీసుకుని అంకెలు రాసుకుంటూ కూర్చున్నారు. ఆయన బోర్డుని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని, ఓసారి ఊది, గోరుతో ఒక చోట మెల్లిగా నొక్కారు.

"ఇక్కడ టంకం పట్టలేదండి. పైకి మెరుస్తోంది గానీ లోపల గుల్ల."

అది నిజమే. ఆయన్నే తీసుకుందామని పట్టుబట్టింది నేనే.

మొదటిరోజు ఆయనకి యంత్రం బొమ్మ చూపించి వివరించాను. తెల్లచొక్కా, జేబులో చిన్న స్క్రూడ్రైవరు, చెవి మీద పెన్సిలు. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

"మూడు బుర్రలకీ ఒకటే పలకా అండి?"

"అవునండి. ఒకే పలక."

"మరి ఒకళ్ళు రాస్తుంటే ఇంకోళ్ళు చెయ్యి పెట్టకుండా చూసేదెవరండి?"

అదే అసలు సంగతి అని, ఆ పని చేసే కార్డు మీరే కట్టాలని చెప్పాను. దాన్ని ఆర్బిటర్ అంటాం. మూడు ప్రాసెసర్లకీ మెమరీకీ మధ్య ఒకటే దారి ఉంటుంది. ఇద్దరు ఒకేసారి ఆ దారి అడిగితే ఒకరిని ఆపి ఒకరిని పంపేది ఆ కార్డు. నేను గీసిచ్చిన బొమ్మలో రెండు తప్పులు ఆయన పట్టుకున్నారు. చాలా మర్యాదగా. "ఇది ఇలా ఉండాలని మీరు కావాలనే పెట్టేరాండి, లేపోతే..." అని ఆగిపోయేవారు. నేను చూసి, ఎరేజరు అందుకునేదాన్ని.

కార్డు కట్టడానికి ఆయనకి నాలుగు నెలలు పట్టింది. సోల్డరింగ్ లేదు, అంతా వైరు చుట్టుడే. వెంట్రుకల్లాంటి నీలం తీగల్ని సన్నని మేకులకి ఏడేసి చుట్లు చుట్టాలి. ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళిందో ఒక లాంగ్ నోటుబుక్కులో తెలుగులోనే రాసుకునేవారు. మధ్యాహ్నాలు కరెంటు పోయేది. అప్పుడు ఆయన కేరేజీ విప్పితే, నేను నాది విప్పేదాన్ని. వాళ్ళావిడ పనసపొట్టు కూర చేసిన రోజున నాకో గిన్నె విడిగా వచ్చేది.

ఒక రోజు కేరేజీల దగ్గరే ఆ ప్రాసెసర్ పుస్తకంలోని ఇరవై తొమ్మిదో పిన్ను గురించి అడిగారు. దాని పేరు లాక్.

"ఇదేం చేస్తుందండి?"

"ఒక ప్రాసెసరు మెమరీలో అంకె చదివి, దాన్ని మార్చి, మళ్ళీ రాయాలనుకోండి. ఆ పని పూర్తయ్యేదాకా దారి వదలకూడదనుకుంటే ప్రోగ్రాంలో లాక్ అని ముందు పెడతాం. అప్పుడు ఈ పిన్ను కిందకి దిగుతుంది. అది దిగి ఉన్నంతసేపూ ఆర్బిటర్ ఇంకెవరినీ పంపకూడదు."

ఆయన ముఖం విప్పారింది. "మా నాన్న కాలవ లాకుల దగ్గర తలుపులు తీసే లస్కరుగా చేసేడండి. ధవళేశ్వరం లాకులు. పడవ లోపలికొచ్చేక పైతలుపు మూసేదాకా కిందతలుపు తీయకూడదు. తీసేరంటే పడవ బతకదు. ఇదీ అదేనన్నమాట."

"అదేనండి."

"అయితే ఈ తీగ మంచిది వేస్తాను" అన్నారు. వేశారు. మూడు ప్రాసెసర్ల నుంచి మూడు ఎర్రతీగలు. కార్డు మొత్తం మీద ఎర్రవి ఆ మూడే.

యంత్రం మొదటిసారి మూడు ప్రాసెసర్లతో లెక్క పూర్తిచేసిన రోజున హెడ్ గారు డిపార్టుమెంటు మొత్తానికీ కాజాలు తెప్పించారు. నాకు మాత్రం లోపల సంతోషం లేదు. ఒక ప్రాసెసరుకి గంట పట్టే లెక్క మూడింటితో ఇరవై నిమిషాల్లో అవ్వాలి. నలభై పట్టింది. రెండు ప్రాసెసర్లు పెట్టినప్పుడు కూడా దాదాపు అంతే. మూడోది ఉన్నా లేనట్టే.

కారణం వెతికితే అది నా ప్రోగ్రాంలోనే కనబడింది. అడుగడుగునా మూడూ ఒకదాని కోసం ఒకటి ఆగాలి కదా. అందుకు మెమరీలో ఒక లెక్కపెట్టే గడి పెట్టాను. పని ముగించిన ప్రాసెసరు ఆ గడిలోని అంకెకి ఒకటి కలుపుతుంది. అంకె మూడయితే అందరూ ముందుకి కదులుతారు. ఆ గడిని ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా దానికి ప్రోగ్రాంలో, ఆ లాక్ పిన్ను సాయంతోనే, ఒక తాళం పెట్టాను. తాళం వేసి ఉంటే బయట ఉన్న ప్రాసెసరు "తీశారా, తీశారా" అని క్షణానికి వేలసార్లు మెమరీని అడుగుతూనే ఉంటుంది. ఆ అడగడమే ఉన్న ఒక్క దారినీ నింపేస్తోంది. పనిచేసుకునే ప్రాసెసరుకి దారి దొరకడం లేదు.

ఢిల్లీ నుంచి కమిటీ వచ్చే తేదీ ఖాయమైంది. నలభై నిమిషాలు చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు. పెద్దవాళ్ళు తలలూపి, "మంచి ప్రయత్నం అమ్మా" అంటారు. ఆ "అమ్మా" వినే ఓపిక నాకు లేదు.

తాళం మొత్తం తీసేశాను. గడిలో అంకెకి ఒకటి కలపడం ప్రాసెసరుకి ఒక్క ఆదేశం. ఒక్క ఆదేశం సగంలో ఆగదని మద్రాసులో చదువుకున్నాను, విద్యార్థులకి చెప్పాను కూడా. అది మొదలుపెడితే పూర్తిచేసే తీరుతుంది. ఇక దానికి తాళం ఎందుకు? అనవసరమైన జాగ్రత్త అనుకున్నాను. లెక్క ఇరవైమూడు నిమిషాల్లో అయింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

తర్వాతి వారం యంత్రం మొదటిసారి ఆగిపోయింది.

లెక్క సగంలో ఉండగా మూడు బోర్డుల మీదా ఎదురుచూస్తున్నామని చెప్పే ఎర్రదీపాలు వెలిగాయి. అలాగే ఉండిపోయాయి. ఆపి మళ్ళీ మొదలుపెడితే బాగానే నడిచింది. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు మళ్ళీ ఆగింది. ముప్పై నలభై సార్లు ఆడిస్తే ఒకసారి. ఒకే లెక్క, ఒకే అంకెలు, ఆగే చోటు మాత్రం వేరు.

అలా ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు అంటే వదులుగా ఉన్న తీగ. ఎవరినడిగినా అదే చెబుతారు. నేనూ అదే అన్నాను.

"ఎక్కడో చుట్టు వదులయిందండి. ఒకసారి మొత్తం చూడండి."

"ఆయ్, చూస్తానండి."

ఆయన కార్డు మొత్తం విప్పి మళ్ళీ చుట్టారు. నీలం తీగలన్నీ. పన్నెండు రోజులు. ఆగడం ఆగలేదు. "ఇంకోసారి చూడండి" అన్నాను. ఈసారి ఆయన వెంటనే ఆయ్ అనలేదు. నోటుబుక్కు తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి, నా టేబులు దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"మేడమ్ గారండీ, ఒక మాట అడగచ్చాండి?"

"చెప్పండి."

"ఆ ఇరవై తొమ్మిదో పిన్ను మీద స్కోపు పెట్టి నిన్న పొద్దుట్నుంచీ చూసేనండి. మూడు బోర్డుల మీదా. ఐదు వోల్టుల మీదే కూర్చుంది. ఒక్కసారి కూడా కిందకి దిగలేదండి. ఇదివరకు దిగేది, నేను చూసేను. ఇప్పుడు మీరు దాన్ని వాడట్లేదాండి?"

"అవసరం లేదు, తీసేశాను."

"అది కాదండి. చదవడానికి ఓసారి దారి అడుగుతోంది, రాయడానికి ఇంకోసారి అడుగుతోంది. నా కార్డు రెండుసార్లూ ఇస్తోంది. ఆ మధ్యలో రెండోది అడిగితే దానికీ ఇస్తుంది కదండీ, వద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి. పైతలుపు మూయకుండా..."

నేను ఆయన మాట పూర్తికానివ్వలేదు. ఆ రోజు పొద్దున్నే స్టాఫ్ మీటింగులో ఒక మగ లెక్చరర్ "ప్రోగ్రాం మేడమ్ రాశారు కదా, ఎవరైనా ఒకసారి చెక్ చేస్తే మంచిది" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"అది ప్రోగ్రాం విషయమండి. అది ఒకే ఆదేశం, మధ్యలో ఎవరూ దూరలేరు. నేను చదువుకున్నది అదే. మీరు వైరింగ్ సంగతి చూడండి."

ఆయన పేజీ మీంచి వేలు తీశారు. "అలాగేనండి" అని నోటుబుక్కు మూసుకుని వెళ్ళారు. కార్డు మూడోసారి విప్పారు.

కమిటీలో ముగ్గురొచ్చారు. ఫ్యాను కింద కుర్చీలు వేసి, కొబ్బరినీళ్ళిచ్చి కూర్చోబెట్టాం. బోర్డు మీద గోదావరిని మూడు రంగుల సుద్దముక్కలతో గీశాను. యంత్రం మొదలైంది. పదిహేను నిమిషాల దాకా బాగా నడిచింది. వాళ్ళలో పెద్దాయన నా బొమ్మ బాగుందని మెచ్చుకుంటుండగా మూడు ఎర్రదీపాలూ వెలిగి, అలాగే ఉండిపోయాయి.

 పెద్దాయన దీపాల వైపు చూసి ఇంగ్లీషులో సూటిగా అడిగారు. తప్పు హార్డ్‌వేర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

నాకు తెలియదు. నిజంగా తెలియదు. "తెలియదు సార్" అంటే సరిపోయేది. గోడ పక్కన టెక్నీషియన్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఆయన వైపు చూడకుండా చెప్పాను.

"హార్డ్‌వేర్, సార్. ఆర్బిటర్ కార్డు. ఇక్కడే చేతితో కట్టింది."

హెడ్ గారు వెంటనే అందుకున్నారు. "క్వాలిఫైడ్ మనుషులు దొరకరండి ఈ ప్రాంతంలో. రేడియో మెకానిక్‌తో నెట్టుకొస్తున్నాం."

ఇంగ్లీషు మాటలన్నీ ఆయనకి అర్థం కాకపోవచ్చు. హార్డ్‌వేర్, కార్డు, రేడియో మెకానిక్ అర్థమయ్యాయి. ఆయన తల దించుకోలేదు. నావైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. నేనేమైనా ఇంకా చెబుతానేమోనని చూసినట్టుంది.

రిపోర్టులో అదే రాశారు. ఆలోచన బాగుంది, సాఫ్ట్‌వేర్ మెచ్చుకోదగ్గది, హార్డ్‌వేర్ పనితనం నాసిరకం. గ్రాంటు పొడిగించలేదు. గ్రాంటుతో పాటు ఆ టెంపరరీ పోస్టు కూడా పోయింది.

వెళ్ళేరోజు ఆయన లాబ్‌లో పరికరాలన్నీ లెక్కచూపించి అప్పగించారు. నోటుబుక్కు నా టేబులు మీద పెట్టారు.

"ఏ తీగ ఎక్కడికెళ్ళిందో అన్నీ ఇందులో ఉన్నాయండి. తర్వాత ఎవరన్నా చూడాలంటే పనికొస్తుంది."

"మీరేమీ మనసులో పెట్టుకోకండి" అన్నాను. అంతకంటే చవకబారు మాట నా జన్మలో అని ఉండను.

"నా చేతి పనిలో తప్పుందని నాకు తోచట్లేదండి. ఉంటే మటుకు మీ ప్రాజెక్టు పాడుచేసినవాణ్ణి. ఏమీ అనుకోకండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మరుసటి సంవత్సరం వర్షాకాలంలో సంగతి. మూడో సంవత్సరం విద్యార్థులకి ఒక ఆదేశం నడిచేటప్పుడు ప్రాసెసరు లోపల ఏ క్షణంలో ఏం జరుగుతుందో బోర్డు మీద గీసి చూపిస్తున్నాను. మెమరీలో అంకెకి ఒకటి కలపడం. ముందు చదివే ఘట్టం గీశాను. తర్వాత కలిపే ఘట్టం. తర్వాత రాసే ఘట్టం. చదవడానికీ రాయడానికీ మధ్య దారి ఖాళీగా ఉన్న భాగాన్ని అలవాటుగా చుక్కల గీతతో కలుపుతూ ఉన్నాను.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఒక్క ఆదేశమే. సగంలో ఆగదు, నిజమే. కానీ అది దారిని రెండుసార్లు అడుగుతుంది. ఒక్క ప్రాసెసరే ఉన్నచోట ఆ మధ్య ఖాళీలోకి వచ్చేవాళ్ళెవరూ లేరు. మూడు ఉన్నచోట ఉన్నారు. మొదటిది గడిలో సున్నా చదువుతుంది. అది రాసేలోపల రెండోది కూడా సున్నా చదువుతుంది. మొదటిది ఒకటి రాస్తుంది, రెండోదీ ఒకటే రాస్తుంది. మూడోది వచ్చి రెండు చేస్తుంది. అంకె ఎప్పటికీ మూడు కాదు. మూడూ ఎర్రదీపాలు వేసుకుని ఎదురుచూస్తూ ఉంటాయి. ఆయన నా టేబులు దగ్గర నిలబడి చెప్పినది ఇదే, మాటకి మాట.

తల తిరుగుతోందని చెప్పి క్లాసు వదిలేశాను. యంత్రం బీరువా పక్కన గోనెగుడ్డ కప్పి ఉంది. పాత తాళం నాకు అక్కర్లేదని అప్పుడు తెలిసింది. కలిపే ఆదేశం ముందు లాక్ అని ఒక్క బైటు చాలు. ఒకే ఒక్క బైటు. దానికి ఎదురుచూపులు లేవు, దారి నిండిపోవడం లేదు. పెట్టి ఆడించాను. ఇరవైమూడు నిమిషాలు. వారంరోజులు పొద్దున్నుంచి కాలేజీ మూసేదాకా ఆడించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన మూడోసారి చుట్టిన తీగలు ఒక్కటి కూడా కదల్లేదు.

ఆదివారం ధవళేశ్వరం వెళ్ళాను. ఇంట్లో వాళ్ళావిడ ఉన్నారు. ఆయన మొగల్తూరులో తోడల్లుడి ఇంట్లో ఉంటూ, అక్కడే యాంప్లిఫయర్లు, టీవీలు బాగుచేస్తున్నారని చెప్పారు. "ఇంటికొచ్చినప్పుడు పనసపొట్టు చేస్తే మిమ్మల్నే తలుచుకుంటారమ్మా" అన్నారు. మొగల్తూరు వెళ్ళడానికి అక్కణ్ణుంచి నరసాపురం బస్సెక్కాను.

మొగల్తూరు సెంటరులో చిన్న పాక. పెళ్ళి మైకుసెట్టు ఒకటి విప్పి పెట్టుకున్నారు. నన్ను చూసి గబగబా లేచి, స్టూలు తుడిచి వేశారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. తప్పు నాదని, ఆయన చెప్పినదే నిజమని, కార్డులో ఏ లోపమూ లేదని.

ఆయన చేతిలో టంకపుకడ్డీని జాగ్రత్తగా స్టాండు మీద పెట్టారు.

"తెలుసండి" అన్నారు.

"మరి ఆ రోజు కమిటీ ముందు ఎందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పేను కదండీ. మీరు వద్దన్నాక వాళ్ళకి ఎలా చెబుతానండి? మీరు రాసిన ప్రోగ్రాం తప్పని నేనంటే, మిమ్మల్ని వాళ్ళేమంటారు?"

అప్పటికిగాని నేను స్టూలు మీద కూర్చోలేదు. ఆయన టీ తెప్పించారు. టీ తాగాక, అడగాలా వద్దా అన్నట్టు అడిగారు.

"మీకు వీలైతే ఒక కాయితం రాసిస్తారాండి? ఆ కార్డు సరైనదేనని. ఒక పంచదార ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ పనికి వెళ్ళేనండి. అంతా బావుందన్నారు. కాలేజీలో వాకబు చేస్తే, కార్డు పాడుచేసేడు, ప్రాజెక్టు పోయింది అని చెప్పేరంట. చెరకు క్రషింగు మొదలయ్యేముందు మళ్ళీ మనుషుల్ని తీసుకుంటారంటున్నారు."

"ఈ వారంలోనే పంపిస్తాను" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు అది అబద్ధం కాదు.

ఉత్తరం రాశాను. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉంటే బాగుంటుందని హెడ్ గారి దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన చదివి, కళ్ళజోడు తీశారు.

"ఇది బయటికెళ్తే మనం ఢిల్లీకి పంపినదంతా తప్పని ఒప్పుకున్నట్టే కదమ్మా. అయిపోయినదాన్ని ఎందుకు కెలకడం? పైగా నువ్వు ఆ యంత్రం మీద పేపరు పంపావు. అది రానీ. తర్వాత చూద్దాం."

పేపరు సంగతి నిజమే. బాగుచేసిన యంత్రం మీద ఒక సదస్సుకి పేపరు పంపాను. ఆ కాన్ఫరెన్సువాళ్ళకి ఈ ఉత్తరం ఎలా తెలుస్తుంది? తెలియదు. ఒక పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే కాగితానికీ నా పేపరుకీ సంబంధం లేదు. లెటర్‌హెడ్ కూడా అక్కర్లేదు. తెల్లకాగితం మీద నా పేరు, నా డిగ్రీ, నా సంతకం సరిపోయేవి. అది అప్పుడు కూడా నాకు తెలుసు. అయినా హెడ్ గారు వద్దన్నారన్న మాట నాకు అనుకూలంగా ఉంది. ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను. పేపరు రానీ అనుకున్నాను. పేపరు వచ్చింది. చివర్లో హెడ్ గారికీ, ప్రిన్సిపాల్ గారికీ కృతజ్ఞతలు చెప్పి, సాంకేతిక సిబ్బందికి కూడా అని రాశాను. తర్వాత రీడర్ పోస్టు ఇంటర్వ్యూ ఉంది. అదీ అవనీ అనుకున్నాను. ఆ ఏడు చెరకు క్రషింగు మొదలైంది, అయిపోయింది. ఆ మరుసటి ఏడు కూడా. ఆయన నుంచి ఒక కార్డుముక్క అయినా రాలేదు. గుర్తుచేయడం ఆయనకి చేతకాదు.

నేను కాగితం పట్టుకుని మొగల్తూరు వెళ్ళేసరికి రెండేళ్ళు దాటింది. హెడ్ గారు రిటైరయ్యారు, నేను రీడర్‌నయ్యాను, ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదు. భయపడటానికి ఏమీ లేనప్పుడు చేసిన పని అది. అందుకే దానికి విలువ లేదు.

పాకలో ఇంకెవరో సైకిళ్ళు బాగుచేస్తున్నారు. ఇల్లు అడిగి వెళితే ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. కళ్ళకి లావు అద్దాలు. సన్నపని ఇక కనబడటం లేదని, ఏడాది కిందట మానేశానని చెప్పారు. తోడల్లుడి కొబ్బరి వ్యాపారంలో బస్తాల లెక్క చూస్తున్నారట. నేను కాగితం ఇచ్చాను. అద్దాలకి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా మొత్తం చదివారు. ఆర్బిటర్ కార్డు నిర్మాణంలో ఏ లోపమూ లేదు, తప్పు పూర్తిగా ప్రోగ్రాంది, దాన్ని మొదట గుర్తించినది కూడా ఆయనే అని రాశాను.

"బాగా రాసేరండి" అన్నారు.

"ఆలస్యం చేశాను."

"ఇప్పుడు దీన్ని ఎవరికి చూపించాలండి?" అని ఆయన మామూలుగానే అడిగారు. నిష్ఠూరం లేదు. నిజంగానే, ఎవరికైనా చూపించాలా అని అడిగినట్టుంది. 

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. యంత్రం ఇప్పుడు నడుస్తోందా అని అడిగారు. నడుస్తోందని చెప్పాను. అది నిజం కాదు. కొత్త హెడ్ గారు ప్రాసెసర్ బోర్డుల్ని విద్యార్థుల లాబ్‌కి ఇప్పించేశారు. ఆర్బిటర్ కార్డు స్టోర్‌రూములో ఉంది. ఆ ఒక్క అబద్ధం ఎందుకు చెప్పానో నాకు తెలుసు గానీ, అది కూడా ఆయన కోసం చెప్పింది కాదేమోనని ఇప్పటికీ అనుమానమే.

"మూడు కలిసి ఎన్ని నిమిషాలండి?"

"ఇరవైమూడు."

"ఇరవై అవ్వాలి కదండీ. ఆ మూడు ఎక్కడ పోతున్నాయంటారు?"

చెప్పాను. ఒకే దారి కదా, ఎంత చూసుకున్నా ఒకరికోసం ఒకరు కొంత ఆగక తప్పదని. ఆయన ముందుకి వంగి విన్నారు. మెమరీని రెండు భాగాలు చేసి రెండు దారులు పెడితే ఎలా ఉంటుందని అడిగారు. మంచి ఆలోచనే. బస్సు టైము అయ్యేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం. ఆయన వేలితో అరుగు మీద గీతలు గీస్తూ చూపించారు. నేను ఒక కాగితం తీసి రాసుకుని ఉండాల్సింది. రాసుకోలేదు.